పక్క సీటువాళ్ళ అమ్మ పేరు

మా బాబాయి పోయారన్న కబురు మంగళవారం ఉదయం, వార్డులో డ్యూటీ మారే వేళకు నాకు తెలిసింది. స్కూలు పిల్లల్ని దింపి, బండి నీడన పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుంటూ అలాగే కూలబడిపోయారట. మా ఆసుపత్రికే తెచ్చారు. డాక్టర్లు చేయాల్సిందంతా చేశారు కానీ గుండె మళ్ళీ కొట్టుకోలేదు. చావులు చూడడం నా ఉద్యోగంలో ఒక భాగమే. అయినా ఆ రోజు ముఖాన మాస్కు తీయడానికి ధైర్యం చాలక చాలాసేపు అలాగే ఉంచుకున్నాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఒమాన్‌లోని ఈ నిజ్వాలో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆయన బాబాయి. మా ఆసుపత్రిలోనే సీనియర్ సిస్టరుగా పనిచేసే ఆయన భార్య మా అందరికీ పిన్ని. ఇథియోపియా నుంచి వచ్చి ఇళ్ళల్లో పనిచేసే ఆవిడ ఆయన్ని ‘బాబా’ అనేది. పాకిస్తాన్ పంజాబు నుంచి వచ్చిన మెకానిక్, మేమందరం భాయ్ అని పిలిచే అతను, ‘చాచా’ అనేవాడు. మిగతా రోజుల్లో స్కూలు బండి నడిపే బాబాయి శుక్రవారం తన సొంత వ్యాను తీసేవారు. నిజ్వాలో చర్చి లేదు. మస్కట్‌లో, అన్ని భాషలవాళ్ళకీ వేర్వేరు వేళల్లో ఆరాధన జరిగే ప్రాంగణానికి కొండల మధ్య రోడ్డు మీద అంత దూరం మమ్మల్ని తీసుకెళ్ళి, తీసుకొచ్చేవారు.

ఆ మంగళవారం సాయంత్రానికే ఊరి నుంచి ఆయన అన్నగారి ఫోను వచ్చింది. సమాధుల తోటలో అమ్మ పక్కనే చోటు ఉంచామని, వీలైనంత తొందరగా పంపించమని. గల్ఫులో ఎవరు పోయినా జరిగేది అదే కాబట్టి మేమూ అలాగే అనుకున్నాం. పిన్ని మాత్రం మళ్ళీ మాట్లాడతానని ఫోను పెట్టేసింది. బాబాయి ఎప్పుడో ఆమెకు ఒక మాట చెప్పి ఉంచారు. ఆ మాట మీకు అర్థం కావాలంటే ముందు ఆ వ్యాను సంగతి చెప్పాలి.

నేను కొత్తగా వచ్చిన మొదటి శుక్రవారం నాతో రూములో ఉండే విజయవాడ అమ్మాయి పక్కన కూర్చుందామని గబగబా ఎక్కబోయాను. తలుపు దగ్గర తెల్లచొక్కాలో నిలబడిన బాబాయి చెయ్యి అడ్డం పెట్టారు.

“అక్కడ కాదమ్మాయ్. వెనక ఆ ఇథియోపియా ఆవిడ పక్కన కూర్చో.”

“ఇద్దరం ఒక రూమే బాబాయ్,” అన్నాను.

“అందుకే చెప్తున్నా. వారమంతా ఆ అమ్మాయి మొహమే చూస్తున్నావుగా, ఇవాళ్టికి దానికీ కాస్త సెలవియ్యి.”

నాకు ఒళ్ళు మండింది. వచ్చీరాని అరబిక్ ముక్కలతో ఆవిడతో ఏం మాట్లాడను? బాబాయి ఊరుకోలేదు. అద్దంలోంచి చూస్తూ ఇంకో నియమం చెప్పారు. దారి మధ్యలో సమాయిల్ దగ్గర టీ కోసం బండి ఆగేలోగా పక్క సీటువాళ్ళ అమ్మ పేరు తెలుసుకోవాలి. తెలుసుకోకపోతే టీ లేదు. నేను నవ్వులాటనుకున్నాను. సమాయిల్‌లో పెట్రోలు బంకు పక్కన బండి ఆపి, కరక్ చాయ్ కప్పు నా చేతికి అందినట్టే అందించి వెనక్కి లాక్కుని, “ఆవిడ అమ్మ పేరేంటి?” అన్నారు. నేను వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూశాను. వెనక నుంచి ఆవిడే నవ్వి, “అల్మాజ్” అంది. తర్వాత నా వైపు వేలు చూపించి, “కరుణమ్మ,” అంది. బండెక్కేటప్పుడు నేను ఫోనులో ‘ఏం కరుణమ్మా’ అని మా అమ్మని ఆటపట్టించడం విని పట్టేసింది. బాబాయి నాకు సగం కప్పే ఇచ్చారు.

వచ్చేటప్పుడు మళ్ళీ సీట్లు మారేవి. ఎవరి పక్కన ఎవరన్నది ఆయన ఇష్టం. ఒకే ఊరివాళ్ళు, ఒకే భాషవాళ్ళు పక్కపక్కన ఉండకూడదు, అంతే. డాష్‌బోర్డు మీద యాలక్కాయల డబ్బా ఉండేది, కొండదారిలో కడుపులో తిప్పే వాళ్ళకి అదే మందు. బండి తీసేముందు బానెట్ మీద రెండుసార్లు తట్టేవారు, అదేదో ఎద్దయినట్టు. ప్రార్థన చేయమంటే మాత్రం తప్పించుకునేవారు. ఒకసారి పాస్టరుగారు ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమంటే, “వాక్యం మీరు చెప్పండయ్యా, నేను సీట్లు సర్దుతా” అని కూర్చుండిపోయారు.

మా తెలుగు క్రైస్తవుల్లో ఒక అలవాటుంది. కులం పేరు ఎత్తం. అది పాపమని తెలుసు. “మీది ఏ మిషన్?” అంటాం, మీ తాతలకి బాప్తిస్మం ఇచ్చింది ఏ మిషనరీలని. తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత పేట. ఆ మూడు జవాబులతో ఎవరు ఎవరో తేలిపోతుంది, ఆ తర్వాత పలకరింపులో వేడి ఎంతన్నది దాన్నిబట్టే. ప్రభువులో అందరం ఒకటే అని పాట పాడి, భోజనం దగ్గరికి వచ్చేసరికి చాప మీద ఎవరి మూల వాళ్ళం చూసుకుంటాం. ఎవరైనా కొత్తవాళ్ళని “ఏ మిషన్” అని అడగబోతే బాబాయి మధ్యలో దూరేవారు. “ఇంటిపేరు ఏం చేసుకుంటావ్? అమ్మ పేరడుగు. ప్రార్థనలో పనికొస్తుంది,” అనేవారు.

రెండేళ్ళ క్రితం ఆ అలవాటే మమ్మల్ని చీల్చబోయింది. సైట్లలో పనిచేసే తెలంగాణ తమ్ముళ్ళు కొందరు మాతో రావడం మొదలుపెట్టారు. వాళ్ళలో జగిత్యాల వైపు మేస్త్రీ ఒకతను కొత్తగా నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నాడు. మాలో ఒక పెద్దమనిషి ఉన్నారు, మంచి ప్రార్థనాపరుడే. మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఆఫీసు ఉద్యోగం చేసి బదిలీ మీద నిజ్వా వచ్చారు. ఆయన ఆ మేస్త్రీని మామూలు ప్రశ్నే అడిగారు.

“నాకు మిషన్ల సంగతి ఎర్కలేదు అన్నా,” అన్నాడు అతను. “నేను మొన్ననే నమ్ముకున్న.”

తర్వాత ఊరూ పేటా కూడా అడిగారు. మేస్త్రీ దాచకుండా చెప్పాడు. రెండు వారాలకల్లా ఇంకో వ్యాను ఏర్పాటైంది. కుటుంబాలకి సౌకర్యంగా ఉంటుందని చెప్పారు కానీ అందులో ఎక్కిందంతా ఒకే మిషన్‌వాళ్ళు. బాబాయి కూడా అదే మిషన్, అదే పేట, పైగా ఆ పెద్దాయనకి దూరపు బావ వరస. బాబాయి అందరికంటే ముందు తమ బండి ఎక్కుతారని ఆయన నమ్మకం. ఆయన పొరపాటు ఏమిటంటే, బాబాయి నిజంగానే ఎక్కారు.

ఆ శుక్రవారం నాకు బాగా గుర్తు. మా బండి సగం ఖాళీ. బాబాయి ఏమీ అనలేదు. తాళాలు భాయ్ చేతిలో పెట్టి, “నువ్వు నడుపు బేటా,” అన్నారు. మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసుకుని రెండో వ్యాను దగ్గరికి నడిచారు.

“బావగారూ, నాకు చోటుందా?”

“అదేం మాట బావగారూ! మీకు లేకపోతే ఇంకెవరికి?” అన్నారు పెద్దాయన సంతోషంగా.

“అయితే వీడు నా తోడు. అంత దూరం ఒక్కణ్ణీ కూర్చోలేను, వయసైపోయింది.”

పెద్దాయన పక్కకి జరిగి దారిచ్చారు. ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. పై వారం మేస్త్రీతో పాటు ఇథియోపియా ఆవిడ, ఆ పై వారం ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిలు. ప్రతిసారీ “నా తోడు” అనే. వాళ్ళకి సీట్లు ఇవ్వడంతో ఆ బండిలో చోటు చాలక, అసలు వాళ్ళే కొందరు మా బండిలోకి వచ్చారు. నెల తిరిగేసరికి రెండు బండ్లూ ఒకేలా ఉన్నాయి. ఒకరిని పల్లెత్తు మాట అనకుండా, ఒక్క వాక్యం చదవకుండా ఆ పని చేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒకరోజు పెద్దాయన పక్క సీటు మేస్త్రీకి వచ్చింది. సమాయిల్ దాకా ఆయన కిటికీలోంచి కొండలు చూస్తూనే ఉన్నారు. టీ కప్పు పట్టుకుని బాబాయి ఎదురుగా నిలబడ్డారు. పెద్దాయన మేస్త్రీ వైపు తిరిగి, “మీ అమ్మ పేరేంటి తమ్ముడూ?” అన్నారు.

“లచ్చవ్వ.”

“లచ్చవ్వ అట బావగారూ,” అన్నారు పెద్దాయన. బాబాయి కప్పు నిండా ఇచ్చారు.

అంతా చక్కబడిపోయిందని చెప్పను. రెండు కుటుంబాలు ఇప్పటికీ వేరే కారులోనే వస్తాయి. వాళ్ళ కారు సమాయిల్‌లో ఆగితే బాబాయి వెళ్ళి కిటికీలోంచి యాలక్కాయలు ఇచ్చి వచ్చేవారు. కానీ లచ్చవ్వకు ఊళ్ళో ఆపరేషను జరిగినప్పుడు పెద్దాయన ఆరాధనలో లేచి, ఆమె పేరు పెట్టి కళ్ళనీళ్ళతో ప్రార్థించడం నేను విన్నాను.

ఇక బాబాయి చెప్పి ఉంచిన మాట. ఆయన ఊళ్ళో సమాధుల తోట ఒకటే, మధ్యలో గోడ ఉంది. ఈ మిషన్‌వాళ్ళు ఇటు, ఆ మిషన్‌వాళ్ళు అటు. గేట్లు కూడా రెండు. “ప్రభువు వచ్చి లేవమంటే రెండు గేట్లలోంచి రెండు లైన్లు కడతామా ఏంటి?” అని నవ్వేవారట. “నేను ఇక్కడ పోతే ఇక్కడే పెట్టెయ్, ఎవరి పక్కనైనా సరే,” అన్నారట. సరదాకి అన్నారో నిజంగా అన్నారో పిన్నికి కూడా తెలియదు. అదే ఆమె బాధ. పైగా గోడకి ఇవతలే అయినా అక్కడ ఉన్నది ఆయన తల్లి.

బుధవారం మేమంతా పిన్ని ఇంట్లో ఉండగా అన్నగారు మళ్ళీ ఫోన్ చేశారు. పిన్ని అందరికీ వినబడేలా పెట్టింది. “పరాయి మట్టిలో దిక్కులేనోళ్ళ పక్కన పడుకోబెడతావా వాణ్ణి? వచ్చే ఏడాది నీ ఉద్యోగం అయిపోయి నువ్వొచ్చేస్తే ఆ సమాధి మొహం చూసేదెవరు?” అన్నారాయన. ఆయన కూడా ఏడుస్తున్నారు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా వైపు చూసింది. ఆమెని అంతగా వణికించింది ఆ చివరి ప్రశ్నే.

ముందుగా నోరు విప్పింది మేస్త్రీ.

“పిన్నమ్మా, నువ్వు ఇంటికి పోయినా మేమిక్కడ్నే ఉంటం గదా. ఎవలో ఒకలం పోతం. బాబాయిని ఒంటిగ ఉంచం.”

“చాచీ, ఫికర్ మత్ కరో,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ భాయ్, దిగులు పడొద్దని. 

అప్పుడు పెద్దాయన పిన్ని చేతిలోంచి ఫోను తీసుకున్నారు. ఆయన ఏమంటారోనని అందరం అటే చూశాం.

“పెద్ద బావగారూ, నేను మీ వాణ్ణే, మీ పేటవాణ్ణే,” అన్నారు. “మా అందరి సీట్లూ బావగారే చూసేవారు. తన సీటు కూడా తనే చూసుకుని పోయారండి. ఇంక మనం మార్చొద్దు.”

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత అన్నగారు, “అమ్మ పేరన్నా చెప్పి ప్రార్థన చెయ్యండి,” అన్నారు.

కాగితాల పని పూర్తయ్యేసరికి శుక్రవారం వచ్చింది. అంబులెన్సు వెనక రెండు వ్యాన్లలో బయల్దేరాం. తలుపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టే మనిషి లేడు. అయినా నేను ఎక్కి చూస్తే, నా రూమ్మేటు ముందు సీట్లో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. సమాయిల్‌లో అలవాటు కొద్దీ బండి ఆగింది. టీ తాగాం. తాగకపోతే ఆయనే తిట్టేవారు.

మస్కట్ క్రైస్తవ సమాధుల తోటలో పాస్టరుగారి తర్వాత ఇథియోపియా ఆవిడ తన భాషలో ప్రార్థన చేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఉన్నట్టుండి ఆ పరాయి మాటల మధ్య “సుందరమ్మ” అని వినిపించింది. బాబాయి తల్లి పేరు. ఆ ఒక్క పేరుకి అప్పటిదాకా బిగపట్టుకున్న మేమందరం బావురుమన్నాం.

మట్టి వేశాక ఒక్కొక్కరం వెనక్కి తగ్గాం. పిన్ని మాత్రం కదల్లేదు. ఇటు చూసింది, అటు చూసింది. ఒకవైపు పలక మీద పేరు ఉంది, ఏ దేశం మనిషో తెలియలేదు. ఇంకోవైపు సిలువ మీద ఉన్న అక్షరాలు మాలో ఎవరికీ చదవను రాలేదు. దరిదాపుల్లో తెలుగువాడు ఒక్కడూ లేడు.

“పాపం, ఎవరి బిడ్డలో,” అన్నాన్నేను. “వాళ్ళమ్మల పేర్లు ఎవర్ని అడగాలి పిన్నీ?”

“నువ్వడిగేదేంటే,” అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ. “ఆయన ఈపాటికి అడిగేసుంటారు.”

వంగి, బాబాయి కోసం తెచ్చిన పూలు చేతిలోకి తీసుకుంది. ముందు ఇటు పక్క సమాధి మీద కొన్ని పెట్టింది, తర్వాత అటు పక్క దాని మీద. మిగిలినవి ఆయన మీద పెట్టి, తడి మట్టిని రెండుసార్లు మెల్లగా తట్టింది.