దామోదర్‌కు అమరావతి ఇచ్చిన నీళ్లు

అమరావతి కండక్టరుగా ఉన్న బస్సెక్కితే దారి తెలియదని మదనపల్లెలో చాలామంది అంటారు. పూలబుట్టతో ఎక్కిన ముసలమ్మను ఆటపట్టిస్తుంది, కాలేజీ పిల్లలను పేరుపెట్టి పిలుస్తుంది. మొగుడూ కూతురూ ఒక్కసారే పోయిన మనిషికి ఇంత నవ్వు ఎక్కడిదని ముక్కున వేలేసుకునేవాళ్లున్నారు. గుండె దిటవు చేసుకుందిలే అని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. లోపల ఏముందో ఎవరికీ చెప్పుకోలేదు ఆమె.

నిమ్మనపల్లె దగ్గర కూలికిపోయే ఇంట్లో పుట్టి, చదువుకుని, ఆ ఉద్యోగం తెచ్చుకుంది. భర్త వెంకటేశులు ఉన్న కొద్దిపాటి నేలలో టమోటా పెట్టేవాడు. కూతురు గీత పుంగనూరులో డిగ్రీ చదివేది. ఒక సాయంత్రం తండ్రి ఆ పిల్లను బైకు మీద ఇంటికి తీసుకొస్తుంటే, పుంగనూరు దాటగానే కారొకటి ఎదురొచ్చి గుద్దింది. వెంకటేశులు అక్కడికక్కడే పోయాడు. గీతకు ఆస్పత్రిలో కాసేపు తెలివి వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని చెప్పింది.

"మండీ దామోదర్ మామ, మా. కారు దిగొచ్చి నన్ను సూసినాడు. నీళ్లు గావాలని అడిగినా. మళ్లా కారెక్కి పోయినాడు."

దామోదర్ మదనపల్లెలో టమోటా మండీ నడిపేవాడు. వెంకటేశులు పంట ఏటా ఆ మండీకే పోయేది. గీతను చిన్నప్పటినుంచీ ఎరిగినవాడు.

తెల్లారేసరికి గీత లేదు. కారు నడిపింది తానేనని ఎవరో డ్రైవరు పుంగనూరు స్టేషన్లో లొంగిపోయాడు. గీత మాటలు విన్నది తల్లి ఒక్కతే కాబట్టి అవి ఎక్కడా నిలబడలేదు. కర్మకాండలు జరిపే దివసాల రోజు దామోదర్ పూలదండలు తెచ్చి ఫోటోలకు వేసి, ధైర్యంగా ఉండమని అమరావతికి చెప్పి పోయాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది. ఏడుపు ఆ రోజే ఆపేసింది. ఏడిస్తే కోపం కూడా కరిగిపోతుందేమోనని ఆమె భయం.

కొన్నాళ్లకు దామోదర్ మండీ వదిలేసి కుప్పంలో, బస్టాండు ఎదురుగా పెయింట్ల అంగడి పెట్టాడని తెలిసింది. అమరావతి తన డిపోలో అడిగి మరీ కుప్పం డ్యూటీ వేయించుకుంది. మొదటిరోజు సంచిలో వెంకటేశులు కొడవలి పెట్టుకుని బయల్దేరింది.

కుప్పంలో బస్సు ఆగాక నేరుగా అంగడికి నడిచింది. మండుటెండ. దామోదర్ మెట్టు మీద కూచుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆమెను చూసి లేచి, బాగుండావామా అన్నాడు. ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. కొడవలి పిడి తగిలింది. ఒక్క వేటుకు పోతాడు, ఇంతేనా అనిపించింది. చెయ్యి పక్కకు జరిపి, తాను తాగే నీళ్ల బాటిలు తీసింది. బస్సులో అలవాటైన నవ్వే నవ్వింది.

"నీళ్లు తాగుతావా అప్పా? ఆ పొద్దు మా గీత అడిగింది గదా నిన్ను."

దామోదర్ మొహంలో నెత్తురుచుక్క లేదు. అమరావతి ఆ మొహాన్ని తనివితీరా చూసింది. గీత పోయాక ఆమెకు అన్నం సయించింది ఆ మధ్యాహ్నమే. ఆ మర్నాడే కొడవలిని ఇంటి చూరులో దోపేసింది.

డ్యూటీ ఉన్న రోజల్లా అదే పని. నవ్వుతూ వెళ్లడం, నీళ్లు చాపడం. అతను లోపలికి పోతే బయటే నిలబడేది. అంగడి మూస్తే మూసిన తలుపు ముందు నిలబడేది. ఎవరన్నా అడిగితే, మా ఊరాయనే, బాగోగులు కనుక్కోను వచ్చినా అనేది. మనిషి చిక్కిపోతున్నాడని పక్క అంగడివాళ్లు అనుకుంటుంటే విని, ఇంకా చిక్కాలనుకునేది.

ఒకరోజు అంగట్లో దామోదర్ కూతురు రమ్యశ్రీ ఉంది. గీత ఈడుదే. ఎండన పడి వచ్చినట్టుంది, అమరావతి చాపిన బాటిలు అందుకుని గటగటా తాగింది. తాగుతున్నప్పుడు ఆ పిల్ల గొంతు కదలడాన్నే చూస్తూ నిలబడింది అమరావతి. అంతా చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పిల్ల థ్యాంక్సని నవ్వి లోపలికి పోయింది. అమరావతి దామోదర్ వైపు తిరిగింది.

"నీ బిడ్డ అడక్కముందే ఇచ్చినా అప్పా."

ఆ తర్వాతి డ్యూటీ రోజు కుప్పంలో బస్సు బయల్దేరబోతుంటే దామోదర్ ఎక్కాడు. పుంగనూరుకు టికెట్టు అడిగాడు. పుంగనూర్లో యాడికని ఆమె అడిగింది. పోలీసు స్టేషనుకన్నాడు. పలమనేరు దాటి బస్సు కాస్త ఖాళీ అయ్యాక, ఆమెకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు.

"నిద్ర పట్టడంల్యా మా నాకు. తిట్టు, చెప్పు తీసుకొని కొట్టు. నన్ను జూసి నగొద్దు."

"నేనేం జేసినానప్పా? నీళ్లేగదా ఇచ్చింది."

"బిడ్డకు జెప్పేసినా. నాతో మాట్లాడదంట ఇంక."

"మాట్లాడకపోయినా ఉండాది గదా," అని అమరావతి ముందు సీట్లలోకి టికెట్లు కొట్టను పోయింది.

పుంగనూరులో అతను దిగాక, డ్రైవరు సుబ్రహ్మణ్యంతో బస్సు కదపొద్దని చెప్పింది. ఆలస్యమవుతోందని జనం సణిగారు. దామోదర్ ఎదురుగా ఉన్న స్టేషను గేటు దగ్గర కాసేపు తచ్చాడి, లోపలికి అడుగు పెట్టాకే బెల్లు కొట్టింది.

అతను తప్పు ఒప్పుకున్నాడు. కేసు మళ్లీ తెరిచారు. అరెస్టు చేశారని కబురు వచ్చినరోజు సుబ్రహ్మణ్యం, ఇంక మనసు సల్లబరుసుకోమ్మా, ఆయన్ను క్షమించేయమన్నాడు.

"యాల క్షమించల్ల?" అంది అమరావతి. "వాడు ఎప్పుడో ఒగప్పుడు ఇంటికొస్తాడు. నా వాళ్లు వస్తారా?"

డ్యూటీ దిగి ఇంటికి పోయి, గీత పరుపు మీద కూచుని, ఇన్నాళ్లకు గొంతెత్తి ఏడ్చింది. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. ఏమైందని అడిగినవాళ్లకు, మా గీత చచ్చిపోయింది అని, ఆ రోజే జరిగినట్టు చెప్పింది. ఏడుపుతో కోపం కరిగిపోలేదు. దామోదర్ బెయిలు మీద బయటికొచ్చాక కోర్టు వాయిదాలు మొదలయ్యాయి. ప్రతి వాయిదాకూ అమరావతి సెలవు పెట్టి వెళ్తుంది. అతని కళ్లు ఎటు తిప్పినా తానే కనబడేచోటు వెతుక్కుని కూచుంటుంది.