తీగ లేని చోటి నుంచి వచ్చిన అంకె

సుందర్‌రాజు ముప్పై ఏళ్లు జిన్నారం దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీలో రసాయనాలు కాచే రియాక్టర్ల ముందు నిలబడ్డాడు. అరగంటకోసారి మీటరు చూడాలి, వేడి ఎంతో పుస్తకంలో రాయాలి. రిటైరై పటాన్‌చెరులో ఒక కిరాయి గదిలో ఉంటున్నా ఆ అరగంట అతన్ని వదల్లేదు. భార్య బ్యూలా పోయి మూడేళ్లు. ఆదివారం చర్చిలో నలుగురు చెయ్యి కలుపుతారు. మిగతా ఆరు రోజులూ అతని గొంతు అతనికే కొత్తగా వినిపించేది.

అందుకే ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. అందులో చదరంగం దొరికింది. చదరంగంలో అంజన్న దొరికాడు.

అంజన్నది జోగిపేట. షుగరు వల్ల ఒక కాలు తీసేశారు. ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు. రోజూ పొద్దున పదింటికి ఆట మొదలయ్యేది. ఎత్తుకూ ఎత్తుకూ మధ్య తెర పక్కన మాటలు టైపు చేసుకునేవారు. "గుర్రాన్ని సప్పుడు లేకుంట దుంకిస్తున్నరా సార్? నా కాలే పోయింది, కండ్లు పోలే" అని అంజన్న రాస్తే సుందర్‌రాజు ఖాళీ గదిలో గట్టిగా నవ్వేవాడు.

ఎండలు ముదిరాక, ప్రాసెసర్ వేడిని చూపే చిన్న ప్రోగ్రాం ఒకటి దించుకున్నాడు. అందులో ఒక్క అంకె కాదు, ఆరు ఉన్నాయి. ఒకటి నలభై డిగ్రీలంటుంది. ఇంకొకటి పేజీ తెరవగానే డెబ్బైకి ఎగిరి, రెప్పపాటులో యాభైకి దిగుతుంది. అన్నిటికన్నా కింది వరుస ముప్పైలో మొదలై, అరగంట తిరిగేసరికి నూట పద్దెనిమిదికి చేరుతుంది. పెట్టె మీద చెయ్యి పెడితే మాత్రం వాన వెలిశాక గోడలా చల్లగా ఉండేది.

రెండు మీటర్లు రెండు రకాలుగా చూపితే ఎక్కువ చూపినదాన్నే నమ్మి పని ఆపాలి. అది ఫ్యాక్టరీ నియమం. ఒకే ఒక్కసారి సుందర్‌రాజు తక్కువ చూపినదాన్ని నమ్మాడు. తోటి పనివాడు యాదన్న చెయ్యి మోచేతి దాకా కాలింది. అప్పటినుంచి పెద్ద అంకె కనిపిస్తే అతని వేలు తనంతట తానే స్విచ్చి వైపు పోతుంది.

అలా రోజూ ఆట మధ్యలో తెర నల్లబడేది.

"ఏంది సార్, మీ ఇంట్ల కరెంటుకు నేనంటే పడదా?" అని మొదట అంజన్న పరాచికమాడాడు.

"మిషన్ వేడెక్కుతున్నదన్నా. కాలిపోతదని బందు చేసిన."

"రోజూ గదే టైముకు వేడెక్కుతదా? మంచి మిషనే!"

రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం కంప్యూటర్ తెరిచేసరికి అంజన్న రాసిన మాట తెర మీద ఉంది: "ఇంక రెండెత్తుల్ల గెలుస్తరనంగ లేచిపోతరు. కాలు లేనోడని జాలి పడుతున్నరా? గట్లయితే ఇగ వద్దు సార్."

మర్నాడు సుందర్‌రాజు పెట్టెను ఆటోలో పెట్టుకుని, సంగారెడ్డి రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే పవన్ దగ్గరికి వెళ్లాడు. సుందర్‌రాజు తన ఫ్యాక్టరీ రోజుల నుంచి అంతా చెప్తుంటే పవన్ మూత విప్పి చూశాడు.

"అంకుల్, ఈ కింది వరుసకు తీగే లేదు. బోర్డు మీద జాగ ఉంది గానీ సెన్సర్ పెట్టలే. ఉత్త జాగను అడిగితే నోటికొచ్చిన అంకె చెప్తది."

"మరి గా ఎగిరేది?"

"గదే అసలైంది. చిప్పు గోరంత ఉంటది, గందుకే ఎగురుతది, దిగుతది. మీ రియాక్టర్ లెక్క మెల్లగ కాగనీకి అండ్ల టన్నుల సరుకుందా? తొంభై దాటి గాడనే నిలబడితే అప్పుడు పరేషాన్ కండి."

పెట్టెను ఒళ్లో పెట్టుకుని సుందర్‌రాజు తిరిగివచ్చాడు. ఎవరూ లేని చోటి నుంచి వచ్చిన కబురుకు జడిసి, ఉన్న ఒక్క మనిషి ముందు నుంచి ఇన్నాళ్లూ లేచిపోయాడు.

మరుసటి పొద్దున అంజన్నకు పొడుగ్గా ఏదో రాశాడు. చెరిపేశాడు. "జాలి కాదన్నా, మిషన్ కాలిపోతదని బుగులు. ఒక్క ఆట. ఆఖరుదాకా ఉంట" అని మాత్రం పంపాడు.

చాలాసేపటికి తెర మీద చదరంగం గళ్లు తెరుచుకున్నాయి. అంజన్న ఒక్క మాటా రాయకుండా ఆడాడు. అరగంటకు కింది వరుస నూట ఇరవై దాటింది. సుందర్‌రాజు ఎడమచేత్తో కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఇంకో ఇరవై నిమిషాలకు అంజన్న ఏనుగు మూలకు వచ్చింది. సుందర్‌రాజు పక్క రాజుకు కదలడానికి గడి లేదు, ఆట కట్టు.

"బాగ ఆడినవన్నా. రేపు?"

పావుగంట తర్వాత జవాబు వచ్చింది.

"సూద్దాం."

అంజన్న వెళ్లిపోయాడు. సుందర్‌రాజు ఆ ఒక్క మాట ముందే కూర్చున్నాడు, మిషన్ ఆపకుండా.