ఒకరికి సాకె, ఒకరికి టీ

రెడ్‌మండ్‌లోని ఆ జపనీస్ రెస్టారెంట్‌లో ఎనిమిదే సీట్లు. బుక్ చేసిన రెండు నెలలకు మా వంతు వచ్చింది. అప్పటికి నా భార్యకు ఐదో వారం. ఆ వారం వాళ్ళు పంపిన ఫారంలో తినకూడనివి రాయమన్న చోట మూడు వరుసలు రాశాను: పచ్చి చేప వద్దు, సాకె లాంటి మద్యం వద్దు, నా భార్య గర్భవతి. మూడో నెల నిండేదాకా చెప్పకూడదని మా ఇద్దరి అమ్మలకు కూడా ఆ మాట చెప్పలేదు.

"మా అమ్మకి చెప్పకుండా చెఫ్‌కి చెప్పావా? గ్రేట్ బాబూ," అంది కార్‌లో.

"రీజన్ అడిగాడు."

"అలర్జీ అని పెట్టొచ్చుగా!"

నవ్వింది గానీ చేతిలో ఫోన్ పక్కన పెట్టలేదు. సోమవారం రక్తపరీక్షలో గర్భం హార్మోన్ 412. రెండు రోజుల్లో ఆ అంకె కనీసం సగం పెరగాలి. తగ్గితే గర్భం నిలవనట్టేనని నర్స్ చెప్పింది. ఆ రోజే, బుధవారం ఉదయం, మళ్ళీ రక్తం ఇచ్చింది. రిజల్ట్ రాత్రిలోగా ఫోన్‌కే వస్తుంది. డిన్నర్ క్యాన్సిల్ చేద్దామన్నాను. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేనంది.

చెఫ్ ఒక ట్రే నిండా సాకె కప్పులు తెచ్చి, నచ్చినవి తీసుకోమన్నాడు. ఒక కుమ్మరి చేత్తో చేసి, కట్టెల బట్టీలో కాల్చినవట. ఏ రెండూ ఒకేలా లేవు. నేను బూడిదరంగుది తీసుకున్నాను, తను అంచు కాస్త వంగినది. నా దాంట్లో సాకె, తన దాంట్లో వేయించిన ఆకుల టీ పోశాడు. పక్కవాళ్ళకు వినిపించకుండా "కంగ్రాచులేషన్స్" అన్నాడు. మాకు ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆయనే. తను తల దించుకుంది.

నేను అలవాటు కొద్దీ ఒక్కో వంటకం గురించి నోట్స్ రాసుకుంటున్నాను. ఒకటి: నల్లటి మట్టి పళ్ళెం, నువ్వుల టోఫు, చల్లటి సాకె. రెండు: మూత ఉన్న చెక్క గిన్నె, పుట్టగొడుగుల చారు. మూడు: నాకు పచ్చి చేప, తనకు ఉడికించిన ముల్లంగి.

"నీది ఫొటో తీసుకునేలా ఉంది. నాది హాస్పిటల్ ఫుడ్," అంది.

నాలుగోది రాయలేదు. కౌంటర్ మీద తన ఫోన్ ఒక్కసారి అదిరింది.

"తిన్నాక చూద్దాం," అన్నాను.

"తిన్నాక చూస్తే మారుతుందా?"

తెరిచింది. చదివి, ఫోన్ నా వైపు తిప్పింది. 391. నేను పేరు చూశాను, తేదీ చూశాను, యూనిట్లు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

చెఫ్ కాల్చిన చేప మా ముందు పెట్టి, నాకు గోరువెచ్చని సాకె పోసి, టీ కెటిల్ అందుకున్నాడు. తను కప్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నాకూ అదే పోయమను."

నేను ఇంగ్లీష్‌లో చెప్పాను. ఆయన చెయ్యి ఆగింది. నా ముఖం చూశాడు, తర్వాత నా భార్య ముఖం. టీ కప్పు తీసేసి, ఇంకో కప్పు తుడిచి పెట్టి, నిండా పోశాడు.

తను ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుంది. ఇంకా నాలుగు వంటకాలు రావాల్సి ఉన్నాయి.