జలాల్ సాబ్ ఎత్తిన రేకు పెట్టె

మెదక్‌లో ఖిల్లా కింది గల్లీలో బాలలక్ష్మికి పీకో ఫాల్ దుకాణం ఉంది. ఎల్దుర్తిలో ఒక మేక రెండు పిల్లల్ని ఈనిందనుకోండి, ఆ కబురు బాలలక్ష్మి మిషను దాటి బజారుకు చేరేసరికి మేక ఏడు పిల్లల్ని ఈనేది, అందులో ఒకటి పుట్టగానే లేచి ఊరంతా తిరిగొచ్చేది. బాలలక్ష్మి చెప్పిందంటే సగం తీసేసి వినాలని గల్లీలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది హైదరాబాదు నుంచి వచ్చిన టీవీవాళ్ళకే.

వాళ్ళు పిట్టల సారు గురించి సీరియల్ తీయడానికి వచ్చారు. ఆయన అసలు పేరు నర్సింలు. బడిపంతులు. పిల్లల కోసం కథలు రాసేవాడు, ఏ కథ రాసినా అందులో ఒక పిట్ట ఉండాల్సిందే. బాలలక్ష్మి లంగా జాకెట్టు వేసుకునే రోజుల్లో ఆయన ఈ గల్లీలోనే, ఇత్తడి గిన్నెలకు కలాయి పూత వేసే జలాల్ సాబ్ ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. రాసిన కథ రాసినట్టు సాయంత్రం పిల్లలకు చదివి వినిపించేవాడు. జలాల్ సాబ్ బిడ్డ షాజహాన్ బీ, బాలలక్ష్మి ఒకే గోనెపట్టా మీద కూర్చుని వినేవాళ్ళు. పట్టా పోయింది, సారు పోయాడు, జలాల్ సాబ్ పోయాడు. వీళ్ళిద్దరే మిగిలారు, గోడకు ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు.

కెమెరా పట్టుకొచ్చిన రాకేష్ అనే పిల్లగాడు దుకాణంలో స్టూలు మీద కూర్చుని సారు సంగతులు అడిగాడు. బాలలక్ష్మి మొదట ఉన్నదున్నట్టే చెప్పింది. జలాల్ సాబ్ మంచివాడని, సారుకు జ్వరమొస్తే టాంగాలో దవఖానకు తీసుకుపోయాడని, సారుకు ఎల్దుర్తికి బదిలీ అయినప్పుడు ఆయన రేకు పెట్టెను తన నెత్తిన పెట్టుకుని వానలో బస్సు దాకా మోశాడని. రాకేష్ ఆవలించాడు. ఫోను చూసుకున్నాడు.

"మంచోళ్ళ ముచ్చట్లు మస్తున్నయ్ ఆంటీ. సారును ఎవరన్న సతాయించిండ్రా? జర గడబడ ఉంటే చెప్పుండ్రి," అంటూ కెమెరా స్టాండు మడవబోయాడు.

వినేవాడు లేచిపోతుంటే బాలలక్ష్మికి ప్రాణం పోయినట్టుంటుంది. అన్నం లేకపోయినా ఉంటుంది గానీ వినే మనిషి లేకపోతే ఉండలేదు.

"ఎందుకు లేదు బిడ్డా, కూసో," అంది.

ఇక చెప్పింది. పిల్లల గోల పడలేక జలాల్ సాబ్ మండిపడ్డాడట. మృగశిర వాన దంచికొడుతుంటే సారు పెట్టెను రెండు చేతులతో పైకెత్తి బురదలోకి విసిరేశాడట. కథల కాగితాలు మోరీ నీళ్ళలో పడవల్లా కొట్టుకుపోతే సారు వాటి వెంట పరుగెత్తాడట. విసరడం ఎలాగో చేసి చూపించబోయి పక్కనున్న బాబిన్ల డబ్బా కింద పడేసింది. రాకేష్ కళ్ళల్లో నీళ్ళు. సరిగ్గా అప్పుడే షాజహాన్ బీ ఇంటి నుంచి ట్రేలో అల్లం చాయ్ వచ్చింది, టీవీవాళ్ళ కోసమని. వాళ్ళు ఆ చాయ్ తాగారు. బాలలక్ష్మి కూడా తాగింది. ఇంత మంచి ముచ్చట ఎప్పుడూ చెప్పలేదనుకుంది.

వానాకాలం మొదట్లో సీరియల్ వచ్చింది. పేరు 'పిట్టల సారు'. వెనకటి రోజులని చూపించడానికి అన్నీ నిదానమే. సారు కలం సిరాలో ముంచి కాగితం మీద పెట్టేసరికి ఇక్కడ కుక్కరు మూడు కూతలు కూసేది. ఒకనాడు సారు చాయ్ కప్పు ఎత్తాడు. తాగింది మరునాడు. అయినా గల్లీ గల్లీ చూసింది, మన ఊరు కదా మరి.

షాజహాన్ బీ ఇంట్లో టీవీ పాడైంది. రోజూ పొద్దుగూకగానే ఒక ప్లేటులో ఏదో ఒకటి, పకోడీయో బిస్కెట్లో, కొంగు కింద పెట్టుకుని బాలలక్ష్మి ఇంటికి వచ్చేది. జలాల్ సాబ్ వేషగాడు తెర మీదికి వచ్చిన మొదటి రోజు ఆమె చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది.

"చూడవే బాలీ. మా అబ్బా లెక్కనే దగ్గుతుండు. టోపీ గూడ గట్లనే పెట్టిండు, జర వంకరగ."

"ఊ."

"ఫోటో గూడ లేకుండె మా ఇంట్ల. మొఖం మర్చిపోతనేమోనని భయమయితుండె నాకు. నువ్వు చెప్పవట్టే టీవీల వచ్చిండు."

బాలలక్ష్మి చేతిలోని పకోడీని మళ్ళీ ప్లేటులో పెట్టేసింది.

ఆ రోజు నుంచి ఆమెకు ఆ సీరియల్ చూడటమే శిక్ష అయింది. వేరే సీరియలైతే ఒక్కరోజులో పెట్టె విసిరేసి, మరునాడు పెళ్ళి పెట్టి, ఎల్లుండి మరిచిపోయేవాళ్ళు. ఇది అలా కాదు. జలాల్ సాబ్‌కు కోపం రావడానికే పది రోజులు పట్టింది. ముందు కనుబొమ్మ కదిలింది. తర్వాత మీసం. ఆయన వాకిట్లో నుంచి సారు గదికి నడవడం మొదలుపెట్టాడు, ఒక రోజు ఒక అడుగు, ఇంకో రోజు చెప్పు చప్పుడు. ఆ అడుగులన్నీ బాలలక్ష్మి గుండె మీదే పడ్డాయి. పక్కన కూర్చున్న షాజహాన్ బీ మాత్రం, "సారుకు ఏమన్న తినవెట్టనీకి పోతున్నట్టుంది," అని మురిసిపోయింది.

బాలలక్ష్మి రాకేష్‌కు ఫోను చేసింది.

"బిడ్డా, గా పెట్టె ముచ్చట తీసెయ్యరాదు. అబద్ధమది."

"ఎప్పుడో షూటింగ్ అయిపోయింది ఆంటీ. మా డైరెక్టర్ గారికి మస్తు నచ్చిన సీన్ అది. వాన కోసమే రెండు ట్యాంకర్లు తెప్పిచ్చినం."

"గాయన బిడ్డ నా పక్కనే ఉన్నది బిడ్డా."

"మరి మీరే గద ఆంటీ చెప్పింది," అన్నాడు. తిట్టినా బాగుండేది. మెత్తగా అన్నాడు.

మరునాడు ఆమె కేబుల్ వైరు పీకేసి, ఎలుక కొరికిందని చెప్పింది. ఎలుక ఒక్కటి కాదట, పిల్లి అంత ఎలుకలు నాలుగట. షాజహాన్ బీ మనవడు ఒవైస్ కరెంటు పని చేస్తాడు. వచ్చి వైరు చివర చూశాడు, బాలలక్ష్మి ముఖం చూశాడు, మళ్ళీ గుచ్చి పోయాడు.

ఆ సాయంత్రం తెర మీద వాన మొదలైంది. జలాల్ సాబ్ గదిలోకి వచ్చాడు. రేకు పెట్టె దగ్గర వంగాడు. రెండు చేతులతో పట్టాడు. ఎత్తాడు, ఎత్తాడు, ఎత్తుతూనే ఉన్నాడు. నెత్తి పైదాకా ఎత్తేసరికి బొమ్మ ఆగిపోయింది. మిగతాది రేపట.

షాజహాన్ బీ కళ్ళు తుడుచుకుంది.

"చూసినవా, నెత్తి మీద వెట్టుకుంటుండు. రేపు బస్సు కాడికి మోస్తడు. అంతా కరెక్టుగ చెప్పినవ్ బాలీ. నీ నోట్ల నుంచి ఒక్కటన్న నిజం వస్తదని అనుకోలే."

ఇద్దరూ నవ్వాలి. ఒక్కరే నవ్వారు.

ఇప్పుడు కూడా బాలలక్ష్మి నాలుక ఊరుకోలేదు. సీరియల్ అయిపోయిందని, డైరెక్టరు దేశం వదిలి పారిపోయాడని, రేపటి నుంచి వంటల ప్రోగ్రాం వస్తుందని చెప్పేద్దామని మూడు ముచ్చట్లు నోటి చివరిదాకా వచ్చాయి. పళ్ళు గట్టిగా బిగబట్టింది.

తెల్లవారి గోడ చుట్టు తిరిగి పోయింది. షాజహాన్ బీ గడప మీద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తోంది.

"షాజూ, ఇయ్యాల సీరియల్ చూడకు."

"ఎందుకే?"

"పెట్టె నెత్తి మీదికి పోదు. బురదల వడ్తది. మీ అబ్బా ఇసిరేస్తడు."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"నేనే చెప్పిన. టీవీవోళ్ళకు. పిల్లల లొల్లికి సారును ఎళ్ళగొట్టిండని చెప్పిన."

షాజహాన్ బీ ఒక ఎల్లిపాయ ఒలిచింది. ఇంకోటి ఒలిచింది.

"ఎందుకు?"

"గా పిల్లగాడు లేచి పోతుండె."

చెప్పాక బాలలక్ష్మికే తెలిసింది, దానికంటే పెద్ద కారణం తన దగ్గర లేదని. రెండు ఈనిన మేకకు ఏడు పిల్లల్ని పుట్టించిన మనిషికి ఆ ఒక్క మాట పక్కన పెట్టడానికి ఇంకో మాట దొరకలేదు.

"నేను అల్లం చాయ్ పంపిన దినమా?"

"ఆ."

"నువ్వు గూడ తాగినవా?"

"తాగిన."

షాజహాన్ బీ పొట్టు ఊది, చేటను పక్కన పెట్టింది. "పొద్దుమీకి వస్త. టీవీ వెట్టి ఉంచు," అంది.

వచ్చింది. ప్లేటు లేదు. రోజూ కూర్చునే చోటే కూర్చుంది. ఫాల్ కుట్టిన చీర కోసం వచ్చిన రామమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు కూడా చూడ్డానికి ఆగారు. పెట్టె గాల్లో తేలింది. వాన చినుకులు ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు, అంత మెల్లగా. మూడు రోజులు ఆ పెట్టె పడుతూనే ఉంది. మూడు రోజులూ షాజహాన్ బీ వచ్చి, రెప్ప వేయకుండా, కన్నతండ్రిని చూసింది. బాలలక్ష్మి టీవీని చూడలేదు, ఆమె చేతుల్ని చూసింది. అవి ఒళ్ళో కదలకుండా ఉన్నాయి.

మూడో రోజు పెట్టె బురదలో పడగానే, చీర వంకతో రోజూ వస్తున్న రామమ్మ నోరు విప్పింది.

"ఎంత పాపపు మనిషే. దేవుని లాంటి సారును."

"కాదు. జలాల్ సాబ్ గట్ల చెయ్యలే. నేను అబద్ధం చెప్పిన వాళ్ళకు," అంది బాలలక్ష్మి.

రామమ్మ పక్కవాళ్ళను చూసి నవ్వింది.

"అబ్బో. నువ్వు చెప్తే టీవీల తీసిండ్రా? రేపు దేశం గూడ నేనే నడుపుతున్న అంటవు. టీవీల చూపెట్టినంక అబద్ధమెట్లయితదే."

జన్మలో మొదటిసారి బాలలక్ష్మి నలుగురి ముందు కల్తీ లేని మాట చెప్పింది, గల్లీ దాన్ని అలవాటు ప్రకారం సగం కాదు, మొత్తం తీసేసింది. షాజహాన్ బీ లేచి, ఎవరినీ చూడకుండా చెప్పులు వేసుకుని పోయింది.

ఆ తర్వాత ఆమె రాలేదు. ఒవైస్ కొత్త టీవీ తెచ్చాడని తెలిసింది. గోడ అవతల సీరియల్ చప్పుడు మాత్రం వినపడలేదు.

బాలలక్ష్మి దుకాణంలో ఒకటే పని పెట్టుకుంది. చీర తెచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. కుల్చారం నుంచి వచ్చినవాళ్ళకు, నిజాంపేట నుంచి వచ్చినవాళ్ళకు, చర్చి పక్క నుంచి వచ్చే నవోమి టీచరమ్మకు. జలాల్ సాబ్ పెట్టె విసరలేదు, నెత్తిన పెట్టుకుని మోశాడు, టీవీలో వచ్చింది నేను చెప్పిన అబద్ధం. అంతే. దానికి ఒక తోక తగిలిద్దామంటే భయం, ఎక్కడ అదీ అబద్ధమైపోతుందోనని. విన్నవాళ్ళు "అట్లనా" అని బ్లౌజు కొలతల సంగతికి పోయేవాళ్ళు. ముచ్చట్ల కోసం వచ్చేవాళ్ళు తగ్గారు. బాలలక్ష్మికి ఏమైందో, జర దవఖానకు చూపెట్టండ్రి అన్నారు.

ఒక మధ్యాహ్నం ఆమె నవోమి టీచరమ్మతో వచ్చిన చుట్టాలావిడకు అదే చెబుతోంది. "నెత్తిన పెట్టుకుని బస్సు కాడిదాక మోసిండు," అని ఆపింది.

"ఇంతేనా?" అంది ఆవిడ.

"ఇంతే."

"గంతే కాదు."

దుకాణం మెట్టు దగ్గర షాజహాన్ బీ నిలబడి ఉంది. చేతిలో మనవరాలు మిస్బా దుపట్టా, పీకో కోసం. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"అబ్బా కప్పుకున్న గొంగడి తీసి పెట్టె మీద కప్పిండు. లోపట సారు కాగితాలున్నయ్, తడుస్తయని. తనేమో బనీను మీద పోయిండు. గొంగడి జారకుండ అంచులు గుచ్చింది మేమిద్దరమే, దుకాణంల దొంగతనం చేసిన పిన్నులతోని."

చుట్టాలావిడ స్టూలు ముందుకు జరుపుకుంది. నవోమి టీచరమ్మ కళ్ళద్దాలు తీసింది.

బాలలక్ష్మి మిషను చక్రం మీద చేయి అలాగే ఉండిపోయింది. పిన్ను వేలికి గుచ్చుకోవడం, గొంగడి వాసన, వానలో తెల్లటి బనీను, అన్నీ ఒక్కసారిగా వచ్చి కూర్చున్నాయి. లేనిది అంత కష్టపడి పుట్టించింది, ఉన్నది మరిచిపోయింది. ఆ రోజు ఈ ముక్క ఒక్కటి చెప్పి ఉంటే ఆ పిల్లగాడు స్టాండు మడిచేవాడా.

"నేను మర్చిపోయిన షాజూ," అంది.

"తెలుసు," అంది షాజహాన్ బీ. దుపట్టా మిషను మీద పెట్టింది. స్టూలు ఖాళీ లేదు. బాలలక్ష్మి లేచి తన కుర్చీ జరిపింది. ఆమె కూర్చోలేదు, పోలేదు కూడా. మెట్టు మీదే నిలబడి, "చెప్పు. గొంగడి కాడి నుంచి చెప్పు. నేను వింట," అంది.