నోరులేని నాకు దేవుడిచ్చిన వెబ్‌సైటు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! ఈ సాక్ష్యం నాదే అయినా మీరు వింటున్న గొంతు నా భార్య రూతమ్మది. నా గొంతులో పుండు లేచింది, ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలని కర్నూలు డాక్టర్లు చెప్పారు, తీసేశారు. ప్రాణం దక్కింది, దేవునికే మహిమ! కానీ బేతంచెర్లలో నాపబండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపేవాడికి ఫోనే సగం వ్యాపారం కదా! బెంగళూరు నుంచి ఫోను మోగేది, నేను ఎత్తేవాణ్ణి, అవతలివాళ్లు "హలో, హలో" అని విసిగి పెట్టేసేవాళ్లు, రూతమ్మ ఎత్తితే "యజమానికియ్యమ్మా" అనేవాళ్లు. మెషీన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆరాధనలో పాట ఎత్తుకునే నేను వెనక వరుసలో కూర్చుని, "ప్రభువా, నా నోరు తెరువు, లేదా నన్ను తీసుకుపో" అని లోలోపలే ఏడ్చేవాణ్ణి. ఆయన విన్నట్టే అనిపించలేదు.

ఒకరోజు బండల ఫోటో పంపడానికి బస్టాండు దగ్గర ఖాదర్ భాయ్ నెట్ సెంటరుకు పోతే, ఆయన "సామేలూ, నీ బండలకు ఒక వెబ్‌సైటు పెట్టుకోప్పా, ఫోను ఎత్తే పనే ఉండదు" అన్నాడు. అదేమిటో తెలుసుకునేదాకా నాకు కాలు నిలవలేదు! జేబులో ఎప్పుడూ ఉండే అరచేతంత నల్లబండ తీసి, సుద్దముక్కతో రాస్తూ, చెరుపుతూ, మళ్లీ రాస్తూ ఆయన్ను విసిగించాను.

"డొమైన్ అంటే నీ గేటు మీద బోర్డు, హోస్టింగ్ అంటే బండలు పేర్చుకునే బాడుగ స్థలం. రెండిటికీ ఏడాదికేడాది దుడ్లు కట్టల్ల" అన్నాడు. స్థలం యాడుండాది అని రాశాను. "అమెరికాలో ఉండొచ్చు, నేనేమన్నా చూసినానా?" అన్నాడు. మనం పడుకున్నాక గేటు మూస్తారా అని రాశాను. "మూయరప్పా! నోరు ల్యాకపోయినా నీకిన్ని ప్రశ్నలు యాడనుంచి వస్తాండాయి?" అని నవ్వాడు.

ముందు ఊరికే ఇచ్చే స్థలంలో పెట్టాం. కొత్త అంగడికి చేయించినట్టే దీనికీ ప్రతిష్ఠ ప్రార్థన చేయించాలని పాస్టరయ్యను, సంఘపెద్దలను నెట్ సెంటరుకు పిలుచుకొచ్చాను. అయ్యగారు కంప్యూటరు మీద చెయ్యుంచి భారంగా ప్రార్థించి, కళ్లు తెరిచి చూస్తే, సహోదరులారా, నా బండల నెత్తిన పేకముక్కలు ఎగురుతూ 'ఆడండి, గెలవండి' అని మెరుస్తున్నాయి! "ఇదేంది నాయనా సామేలూ?" అన్నారు అయ్యగారు. సిగ్గుతో చచ్చిపోయాను. "ఊరికే స్థలమిచ్చినోడు వాని బోర్డు తగిలించుకోడా?" అన్నాడు ఖాదర్ భాయ్. రూతమ్మకు మాత్రం నవ్వు ఆగలేదు.

సరే, కొద్దిపాటి డబ్బుతోనే సొంతది కొందామని కూర్చున్నాం. బోర్డు పేరుకు ఎబెనెజరు అని కొట్టించాను, ఎవరో తీసేసుకున్నారు. బేతేలు లేదు, హెబ్రోను లేదు! ఏ దేశాల్లో కూర్చుని కొన్నారో ఈ విశ్వాసులంతా అని నాకు ఒకటే ఆశ్చర్యం. అప్పుడు రూతమ్మ "మన ఊరి పేరు, మన రాయి పేరు కలిపి పెట్టు. ఈ రాయి వాళ్లకు యాడుండాది?" అంది. అది దొరికింది! "నా పేరు మీద వద్దు, నీ పేరు మీదనే రాయించుకో. రేపు నేను అంగడి మూసినా బోర్డు నీదే" అన్నాడు ఖాదర్ భాయ్. పరాయి మతస్థుడైనా ఎంత మేలు చేశాడో చూడండి!

ఎదురుచూడగా ఎదురుచూడగా బెంగళూరు కాంట్రాక్టరు ఒకాయన మెయిలు పెట్టాడు. మందమెంత, మెరుపు ఎన్నాళ్లుంటుంది, ఎండకు రంగు పోతుందా అని అడిగాడు. ఆయన ఒకటి అడిగితే నేను పది చెప్పాను. చివరికి సరుకు చూసుకుందామని ఆయనే వచ్చాడు. నేను నల్లబండ తీసి 'రండి, కూర్చోండి' అని రాసేసరికి నిలబడిపోయాడు.

"ఏమప్పా, నువ్వు మాట్లాడలేవా? మెయిల్లో నీ మాటలకు అడ్డే ఉండదే! నువ్వు శానా మాటకారివని మా ఇంట్లో కూడా చెప్పినానే!" అన్నాడు.

నేను బండల దొంతర మీద కూలబడి ఏడ్చాను. ప్రభువు నా నోరు ఎప్పుడో తెరిచాడు, నేనే చూసుకోలేదు! ఇప్పుడు మా మెషీన్లన్నీ తిరుగుతున్నాయి.

ప్రార్థించి అలసిపోయినవాళ్లు ఈ మందిరంలో ఉంటే, ఆయన్ను ఇంకొంచెం నమ్మండి. రూతమ్మ ఆమేన్ అనగానే నేను నా నల్లబండ మీద సుద్దముక్కతో కొడతాను. అది మీ దాకా వినబడదు, నా వంతు కూడా మీరే గట్టిగా చెప్పండి.