కింద నిలబడేవాడు

గజ్జెలు కట్టుకోకముందే చెప్పాల్సింది. సోములు చెప్పలేదు.

గంగమ్మ పటం ముందు ఒకసారి గజ్జె కట్టాక, ఆట ముగిసేదాకా విప్పకూడదు. తప్పెటగుళ్ళ వాళ్ళకు అది తాతల నాటి కట్టడి. దళమంతా పొద్దున్నే కట్టేసింది. ఇప్పుడు సాయంత్రం నాలుగు కావస్తోంది. నర్సీపట్నం వీధిలో అమ్మవారి పండగ జనం రెండు వైపులా కిక్కిరిసి ఉన్నారు.

సోములుకు యాభై నాలుగేళ్ళు. గొలుగొండ దగ్గర ఊరు. నలభై గొర్రెలు, అరెకరం చెరుకు. పదహారో ఏట మెడలో రేకు తప్పెట తగిలించుకున్నాడు. ఇప్పుడు దళానికి గురువు అతనే. గురువు పాట అంటాడు, మిగతా పదిమందీ తిరిగి అంటారు. అతను ఏదంటే అదే. ఆట చివర్లో అతని భుజాల మీద ఒకడు ఎక్కి నిలబడతాడు. ఇద్దరూ గుండె మీది తప్పెట వాయిస్తూనే వీధి చివర అమ్మవారి దాకా వెళ్ళాలి. చేతులు తప్పెట మీదే ఉండాలి. పైవాడి కాళ్ళు పట్టుకుంటే పరువు పోయినట్టే.

పది రోజుల కిందట గొర్రెల దొడ్డిలో ఉన్నట్టుండి నేల ఒరిగింది. తెలివొచ్చేసరికి గొర్రెపిల్ల ఒకటి అతని చెవి నాకుతోంది. ఆ తర్వాత మరో రెండుసార్లు అలాగే అయింది. మందుల షాపతను బీపీ చూసి పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు. పండగ అయ్యాక వెళ్దామనుకున్నాడు. ఇంట్లో చెబితే కింద వేరే మనిషిని పెడతారు. ఊళ్ళో అతనికున్న పేరు అదొక్కటే. కింద నిలబడే సోములు.

పైన ఎక్కేవాడు అల్లుడు వీరేంద్ర. కూతురు సాయిలక్ష్మికి ఆరో నెల. సోడా బండి పక్కన కుర్చీ వేయించుకుని, ఫోన్ ఎత్తి పట్టుకుని చూస్తోంది.

"ఏటి మావా, మొకం అలాగెట్టావు?" వీరేంద్ర నడుం గుడ్డ బిగిస్తూ అడిగాడు. "నాను బరువెక్కీసేనని భయవా? నీ కూతురు వండి పెడతంటే మరేటి సేత్తాను?"

"నోరు ముయ్యి. ఎక్కు."

"సోవులన్న బుజాలు రాతి గట్టురా," దళంలో రెండోవాడు ఈశ్వరరావు నవ్వాడు. "నీకు పిల్లడు పుట్టేక ఆడ్నీ ఎక్కించీ."

ఇప్పుడైనా చెప్పొచ్చు. సోములు నోరు తెరిచాడు. పాట వచ్చింది.

వీరేంద్ర పాదాలు భుజాల మీద పడ్డాయి. పైకి చూడకూడదు. కిందవాడికి పైవాడంటే పాదాలే. కుడి మడమ గట్టిది. ఎడమ బొటనవేలు మెడకు ఆనుతుంది. పదడుగులు వేశాడు. ఇరవై.

అప్పుడు సోడా బండి పక్కకు జరిగింది. దాని వెనక మేడ జరిగింది. కరెంటు స్తంభం నెమ్మదిగా వంగింది. చెవిలో హోరు. కింద సిమెంటు రోడ్డు. అల్లుడు పడితే తల పగులుతుంది, కూతురి కళ్ళెదుటే.

పది తప్పెటల మోతలో అరుపు వినబడదు. వాళ్ళు చెవిన పెట్టేది అతని పాట ఒక్కటే. అందుకని పాటలోనే అన్నాడు.

"దిగిపోరా అల్లుడా, దిగిపో!"

"దిగిపోరా అల్లుడా, దిగిపో!" కిందవాళ్ళంతా చిందు తొక్కుతూ అన్నారు. పైనుంచి వీరేంద్ర కూడా అన్నాడు. కొత్త చరణం అనుకున్నాడు.

"కళ్ళు తిరుగుతన్నాయి, నా వల్ల కాదు!"

"కళ్ళు తిరుగుతన్నాయి, నా వల్ల కాదు!"

జనం ఈలలు వేశారు. మామా అల్లుళ్ళ సరసమనుకుని ఆడవాళ్ళు నవ్వారు. ఈశ్వరరావు నడక పెంచాడు. గురువు గొంతు పెంచితే నడక పెంచాలి. అతనికి ఆ సంగతి నేర్పింది సోములే.

సోములు తప్పెట వదిలేశాడు. రెండు చేతులూ ఎత్తి వీరేంద్ర చీలమండలు గట్టిగా పట్టుకున్నాడు.

పక్క తప్పెట తడబడింది. దాని పక్కది ఆగింది. ఒక్కొక్కటే ఆగిపోయి, వీధిలో సోడా సీసాల చప్పుడు మిగిలింది. వీరేంద్రకు అప్పుడు అర్థమైంది. ఈశ్వరరావు భుజం ఆసరా చేసుకుని దూకాడు. సోములు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఏటైంది మావా? మావా!"

"సెప్పేను గదరా. పాటలో సెప్పేను." ఊపిరి అందడం లేదు. "పది దినాలయ్యింది. పడిపోతన్నాను. ఎవులికీ సెప్పనేదు."

సాయిలక్ష్మి పొట్ట పట్టుకుని వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"నాకైనా సెప్పకూడదా నానా? మీ అల్లుడు పడిపోయుంటే నానెవుల్ని అడగాల?"



కాళ్ళకు గజ్జెలు అలాగే ఉన్నాయి. ఆట సగంలో ఉంది. "బేగి కానీండ్రా," అని వెనక నుంచి పండగ కమిటీ మనిషి అరిచాడు. ఈశ్వరరావు ముందుకొచ్చి వంగాడు. వీరేంద్ర భార్య వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. ఎక్కాడు.

"పాట నువ్వే అను, అన్నా," అన్నాడు ఈశ్వరరావు. "మా కాడ పాట నేదు."

సోములును అరుగు మీద కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళుగా కింద ఉన్నవాడు, తన దళం ఆటను బయట నుంచి చూడటం ఇదే మొదలు. ఇంత ఎత్తని అతనికి తెలియదు. వీరేంద్ర తల దుకాణాల బోర్డులు దాటిపోయింది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. ఈశ్వరరావు కుడి మోకాలు సన్నగా వణకడం జనంలో ఎవరూ చూడలేదు. సోములు చూశాడు.

కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకుంటే నేల తిరుగుతుంది. తెరిచే ఉంచి పాట అందుకున్నాడు. గొంతు వణికింది. వాళ్ళు ఆ వణుకును కూడా వదలకుండా తిరిగి అన్నారు.