బిళ్ళ ఉన్న చెవి

ఎనభైల్లో అదొక కరువు ఏడు. కొత్తచెరువులో బస్సెక్కిన ఒక ముసలి రైతు నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళో తడిగుడ్డ మూట ఉంది. దాని మీద ముసురుతున్న ఈగలను తోలుతూనే ఉన్నాడు. వాసనకు వెనక సీటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నా, మాంసమా?" అని అడిగాను.

"చెవి," అన్నాడు. "సర్కారోళ్ళు సబ్సిడీ కింద ఇచ్చిన ఎనుముది. బిళ్ళ కొట్టిన చెవి కోసుకోని పోయి చూపిస్తేనే, అది సచ్చిందని రాసుకుంటారంట. అప్పుడే ఇన్సూరెన్సు వస్తాదంట."

ఆ ఏడు గడ్డి లేక ఊరూరా ఆవులు, గేదెలు పోతున్నాయి. నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. ఊరికే ఉండలేక అడిగాను.

"ఎప్పుడు పోయిందన్నా?"

"ఇంగా పోలేదప్పా. ప్రాణముండాది. లేసేదైతే లేదు. రేపట్నించి ఆఫీసుకు సెలవులు గదా."

అతను కిటికీ వైపు తిరిగాడు. మూట మీది ఈగను తోలి, తనే మళ్ళీ అన్నాడు.

"కోసేటప్పుడు తల గూడా కదిలీలేదు."

అనంతపురం వచ్చింది. అతను మూట పట్టుకుని దిగి, జనంలో కలిసిపోయాడు.

ఇప్పటికీ దారిలో ఎనుము కనిపిస్తే ఆగుతాను. ఈగ వాలినప్పుడు దాని చెవి కదిలేదాకా చూసి, అప్పుడు నా దారిన నేను పోతాను.